69 ఫోర్డ్ ఎఫ్-100 వైరింగ్: మొత్తం పీకెయ్యాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా?

పాతఫోర్డ్_ప్లేనో (టెక్సస్)

అందరికీ నమస్కారం. బండి 1969 ఫోర్డ్ ఎఫ్-100 పికప్. 360 వీ8 ఇంజను, స్టీరింగ్ పక్కనే మూడు గేర్ల కర్ర. ఇంజనుకి వంక పెట్టక్కర్లేదు, బాడీ పర్లేదు. వైరింగ్ మాత్రం ఘోరం. చేతులు మారినప్పుడల్లా ఒక్కొక్కరు ఒక్కో వైరు కలిపినట్టున్నారు. డాష్‌బోర్డు కింద చెయ్యి పెడితే అటూ ఇటూ ఎక్కడికీ పోని వైర్లే గుప్పెడు తగులుతున్నాయి.

జబ్బులు చెప్తాను. హెడ్‌లైట్లు పసుప్పచ్చగా, గుడ్డిగా వెలుగుతున్నాయి. కాసేపు నడిపాక రెండూ ఒక్కసారిగా ఆరిపోయి, మళ్లీ వాటంతట అవే వెలుగుతాయి. రాత్రిపూట హైవే మీద అలా జరిగితే ప్రాణం పోయినంత పనవుతోంది. బ్రేకు తొక్కితే డాష్‌బోర్డు లైట్లు సన్నగా వెలుగుతాయి, లైట్ల స్విచ్ ఆఫ్‌లో ఉన్నా సరే. పెట్రోలు ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ కలిసే లేస్తాయి, కలిసే పడతాయి. ఛార్జింగ్‌కి మీటరు లేదు, ఎర్ర లైటే.

ఏ బండికైనా సరిపోయే 21 సర్క్యూట్ల వైరింగ్ కిట్ కొని పాత వైరు ఒక్కటీ మిగలకుండా మార్చేద్దామని ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సీను_ఫ్రిస్కో (టెక్సస్)

కిట్ కొనెయ్ బ్రదర్. ఆ కిట్లు చేసే పెయిన్‌లెస్ వాళ్లు మన పక్కన ఫోర్ట్‌వర్త్‌లోనే ఉన్నారు. న్యూజెర్సీ అమెరికన్ ఆటోవైర్ వాళ్లయితే మన మోడల్‌కే సరిపడేలా, అసలు కనెక్టర్లతో సహా ఇస్తారు. ప్రతి వైరు మీదా అది ఎక్కడికి పోవాలో అచ్చు వేసి ఉంటుంది. యాభై ఏళ్ల ఇన్సులేషన్‌ని నమ్ముకుని కూర్చోవడం దేనికి?

ఆటోనగర్_అబ్బాయి (విజయవాడ)

అన్నా, డబ్బులు ఖర్చు పెట్టే ముందు ఒక్క పని చెయ్యి. బ్రేకు తొక్కితే డాష్ లైట్లు వెలుగుతున్నాయన్నావు కదా, అది వైరు పాడై కాదు, వెనక లైట్లకి ఎర్త్ (కరెంటు బండి బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగొచ్చే దారి) లేక. మా షెడ్డుకి వచ్చే పాత బళ్లలో సగం వాటికి ఇదే రోగం. వెనక లైటు బాడీ నుంచి ఛాసిస్‌కి ఒక వైరు ముక్క తగిలించి బ్రేకు తొక్కి చూడు. డాష్ లైటు ఆరిపోయిందంటే నీకు కిట్ సంగతి తర్వాత.

ముందు జబ్బేంటో తేలాలి కదా. తెలియకుండా కొత్త వైరింగ్ వేస్తే, ఆ జబ్బు కొత్త వైరింగ్‌లోకీ వచ్చి కూర్చుంటుంది. తుప్పు పట్టిన బోల్టు అక్కడే ఉంటుంది గదా.

సబ్‌స్టేషన్_తాత (హనుమకొండ)

పై అబ్బాయి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఎందుకలా అవుతుందో నేను చెప్తాను.

ఆ బండి వెనక లైటులో 1157 అనే బల్బు ఉంటుంది. ఒకే గాజులో రెండు తీగలు: సన్నది రాత్రి లైటుకి, లావుది బ్రేకుకి, ఇండికేటర్‌కి. రెండింటికీ ఎర్త్ ఒకటే, బల్బు ఇత్తడి అడుగు. ఆ ఎర్త్ తెగితే బ్రేకు తీగలోకి వచ్చిన కరెంటుకి తిరుగు దారి దొరకదు. అప్పుడది సన్నతీగ గుండా ఎదురు నడిచి, రాత్రి లైట్ల వైరు పట్టుకుని డాష్‌బోర్డు బల్బుల దాకా పోయి అక్కడ ఎర్త్ వెతుక్కుంటుంది. మీకు కనిపిస్తున్న సన్నటి వెలుగు అదే.

హెడ్‌లైట్ల సంగతి కొలిస్తే గాని చెప్పలేం. ఇంజను నడుస్తుండగా, లైట్లు వేసి ఉంచి మూడు చోట్ల మీటరు పెట్టండి. ఒకటి, బ్యాటరీ రెండు కొనల మధ్య. రెండు, హెడ్‌లైటు వెనక ప్లగ్గులో. మూడు, హెడ్‌లైటు ఎర్త్ కాలికీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య. లైట్లు ఆపేసి కొలిస్తే లాభం లేదు. కరెంటు పారనప్పుడు ఎంత కుళ్లిన జాయింటైనా 12 వోల్టులూ చూపిస్తుంది.

పాతఫోర్డ్_ప్లేనో

తాతగారూ, కొలిచాను. బ్యాటరీ దగ్గర 13.9. హెడ్‌లైటు ప్లగ్గులో 11.4. మూడో కొలత 1.1.

ఆటోనగర్ తమ్ముడూ, నువ్వన్నట్టే వెనక లైటుకి వైరు తగిలించాను. డాష్ లైటు టక్కున ఆరిపోయింది! వెనక తొట్టికి ఎవరో మందంగా రంగు కొట్టించారు, బోల్టుల కింద కూడా రంగే. తొట్టికీ ఛాసిస్‌కీ మధ్య లోహం లోహానికి తగిలే చోటే లేదు.

సబ్‌స్టేషన్_తాత

అయితే లెక్క సరిపోయింది. దారిలో పోయింది రెండున్నర వోల్టులు. అందులో 1.1 ఎర్త్ వైపు, మిగిలిన 1.4 స్విచ్, డిమ్మరు (హైబీము, లోబీము మార్చే స్విచ్), ప్లగ్గులు, వైరు కలిసి తినేశాయి. రెండున్నరే కదా అనుకోకండి. మామూలు బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, ఇంచుమించు మూడున్నర ఘాతంతో పడిపోతుంది. 13.9 రావాల్సిన చోట 11.4 వస్తే వెలుగు సగానికి సగం పోయినట్టే.

మరి లైట్లు వాటంతట అవే ఆరి వెలగడం ఎందుకో ఫోర్డ్ బళ్ల గురించి తెలిసినవాళ్లు చెప్పాలి.

హ్యూస్టన్_డీజిల్ (టెక్సస్)

అది నేను చెప్తా. ఆ హెడ్‌లైట్ స్విచ్ లోపలే సర్క్యూట్ బ్రేకర్ ఉంటుంది. వేడెక్కితే తెరుచుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది. ఫ్యూజ్ అయితే ఒకసారి పోతే లైట్లు ఇంక రావు, డ్రైవరు గోతిలోకి పోతాడని అలా పెట్టారు. మీ బండిలో ఏ బల్బులున్నాయి? పాత యజమాని హాలోజన్ హెచ్4 వేసి ఉంటే అదే కారణం. బ్యాటరీ నుంచి వచ్చే లైట్ల కరెంటు మొత్తం డాష్‌లో స్విచ్‌లోంచి, అక్కణ్నుంచి కాలితో తొక్కే డిమ్మరులోంచి తిరిగి ముందుకు రావాలి. మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపి విడదీసే స్విచ్) అన్నదే లేదు. 1969లో ఆ స్విచ్ చేసినవాళ్లు ఇంత లోడు ఊహించలేదు.

స్విచ్ వెనక ప్లగ్గు ఊడదీసి చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఉంటే ఆలస్యం చెయ్యొద్దు.

పాతఫోర్డ్_ప్లేనో

హెచ్4లే, 60/55 వాట్లవి. ప్లగ్గు గోధుమరంగు కాదండీ, ఒక మూల నల్లగా కరిగి పిన్నుకి అతుక్కుపోయింది. స్క్రూడ్రైవర్‌తో గీకితే గాని ఊడలేదు.

ఇంకో చోద్యం. వెనక ట్రెయిలర్ లైట్ల కోసం ఎవరో వైరు కొయ్యకుండానే నీలం రంగు ప్లాస్టిక్ క్లిప్పులు నొక్కారు. ఒకటి విప్పి చూస్తే, క్లిప్పు బ్లేడు వైరులో సగం పోగుల్ని తెంపేసింది. మిగిలిన పోగుల చుట్టూ పచ్చటి పొడి. వేలితో కదిపితే రాలిపోయింది. లాగితే రెండు మూడు పోగులే పట్టుకుని ఉన్నాయి. బ్రేకు లైటు కరెంటంతా వాటి మీదే పోతోంది.

సీను_ఫ్రిస్కో

చూశావా, అందుకే చెప్పా. మొత్తం పీకెయ్.

ఆటోనగర్_అబ్బాయి

సీను అన్నా, పాడైంది ఫోర్డ్ వాడు వేసిన వైరు కాదు, మధ్యలో వేలుపెట్టినవాళ్లు కలిపిన వైరు. ప్లేనో అన్నా, ఆ నీలం క్లిప్పులు దాటి ఓ అడుగు అవతల అసలు వైరు కోసి చూడు. రాగి రంగు ఎలా ఉంది?

పాతఫోర్డ్_ప్లేనో

ఎర్రగా, కొత్తదానిలా మెరుస్తోంది. ఇన్సులేషన్ కూడా వంచితే పగలట్లేదు, డాష్ వెనక ఉన్నంత మేరకు. ఇంజను పక్కన ఉన్నది మాత్రం వంచితే బిస్కెట్‌లా విరుగుతోంది.

హ్యూస్టన్_డీజిల్

అది సహజం. ఇంజను వేడికీ నూనెకీ ఉడికిన భాగం వేరు, క్యాబిన్‌లో నీడపట్టున ఉన్న భాగం వేరు. నేనయితే మూడు ముక్కలుగా ఆలోచిస్తా. ఇంజను దగ్గరా ముందు లైట్లదీ మొత్తం కొత్తది. క్యాబిన్ నుంచి వెనక్కి పోయేది కొత్తది. డాష్ వెనకది మాత్రం బయటికి తీసి, కలిపిన అతుకులన్నీ పీకి, శుభ్రం చేసి అదే వెయ్యడం. డాష్ వైరింగ్‌లో ఇగ్నిషన్ స్విచ్ ప్లగ్గు, మీటర్ల ప్లగ్గు లాంటివి ఆ బండికే ప్రత్యేకం. ఏ బండికైనా వేసే కిట్‌లో అవి దొరకవు, వైరు కొనలే ఇస్తారు. అక్కడ మీరు చేసే కొత్త అతుకులు పాత వైరుకన్నా ముందే పోతాయి.

ఇంకొకటి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఆ మోడల్‌లో పెట్రోలు ట్యాంకు ఎక్కడుంది? సీటు వెనకే, క్యాబిన్ లోపల. ట్యాంకు పైన, పెట్రోలు ఎంతుందో మీటరుకి చెప్పే సెండర్ వైరు ఉంటుంది. రబ్బరు గొట్టాలు పాతబడి ఉంటే క్యాబిన్ నిండా పెట్రోలు ఆవిరే. బ్యాటరీ నెగటివ్ ఊడదియ్యకుండా ఆ క్యాబిన్‌లో ఒక్క వైరు కూడా ముట్టుకోవద్దు. తలుపులు రెండూ తెరిచి పెట్టుకోండి. టంకం వేసే పని ఉంటే వైరింగ్ బయటికి తెచ్చుకుని బల్ల మీదే చెయ్యండి.

నెల్లూరు_జీపు (నెల్లూరు)

మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. నాది పాత పెట్రోలు జీపు, వెనక తొట్టి కట్టించి పికప్‌లా వాడుతున్నాం. లూకాస్ కంపెనీ డైనమో. వైరింగ్ అంతా మార్పించాక ఛార్జింగ్ అవ్వడం లేదు. ఎలక్ట్రీషియన్ డైనమో పోయిందంటున్నాడు. వైరింగ్ ముందు రోజు దాకా బ్రహ్మాండంగా పని చేసింది మరి.

కోవెంట్రీ_మారిస్ (ఇంగ్లండ్)

డైనమో అమ్మేయకండి సార్. నాది మారిస్ మైనర్ పికప్, అదీ లూకాసే. డైనమో లోపల ఫీల్డ్ పోళ్లలో (తీగ చుట్టిన ఇనుప దిమ్మల్లో) కొద్దిపాటి అయస్కాంత శక్తి మిగిలి ఉంటేనే అది ఛార్జింగ్ మొదలుపెడుతుంది. పనిలో ఎక్కడైనా తప్పు వైరు తగిలితే అది పోతుంది, లేదా తిరగబడుతుంది. డైనమో మీద డి, ఎఫ్ అని రెండు కొనలుంటాయి. రెండు వైర్లూ ఊడదియ్యండి. బ్యాటరీ లైవ్ కొన నుంచి ఒక వైరు తెచ్చి ఎఫ్ కొనకి రెప్పపాటు తాకించి తియ్యండి, రెండు మూడు సార్లు. చిన్న నిప్పురవ్వ వస్తుంది, భయపడొద్దు. మళ్లీ వైర్లు బిగించి బండి తియ్యండి.

ఇది లూకాస్ డైనమోలకే. ఫీల్డ్ చుట్టకి ఎర్త్ లోపలే అయ్యే రకం గనక ఎఫ్‌కి తాకిస్తాం. వేరే కంపెనీ డైనమోలకి పద్ధతి మారుతుంది. ఆల్టర్నేటర్ ఉన్న బళ్లలో ఈ పని అస్సలు చెయ్యకూడదు, డయోడ్లు పోతాయి.

ఇంకో మాట, మీ బండిలో బ్యాటరీ ఏ కొన బాడీకి బిగించారో చూసుకోండి. నా మారిస్‌లో పాజిటివే ఎర్త్. పాత బ్రిటిష్ బళ్లు చాలావరకు అంతే.

నెల్లూరు_జీపు

నెగటివే ఎర్త్ సార్. రేపు చేసి చెప్తాను.

ఆటోనగర్_అబ్బాయి

కోవెంట్రీ అన్నా, లూకాస్ రంగుల లెక్క ఇంకా మా దగ్గర పాత మేస్త్రీలకి నోటికొచ్చు. గోధుమరంగు ఎప్పుడూ లైవ్, తెలుపు తాళం తిప్పితే లైవ్, ఆకుపచ్చ తాళంతోపాటు ఫ్యూజ్ దాటి వచ్చేది, నీలం హెడ్‌లైటు, ఎరుపు రాత్రి లైటు, నలుపు ఎర్త్. ఫోర్డ్‌కి అలా ఏమీ లేదా?

హ్యూస్టన్_డీజిల్

ఉంది గాని లూకాస్ అంత పద్ధతిగా ఉండదు, సంవత్సరాన్ని బట్టి కూడా మారుతుంది. ఆ ఏడాది షాప్ మాన్యువల్‌లో డయాగ్రాం పెట్టుకోవాల్సిందే. ఒక్క రంగు మాత్రం గుర్తుపెట్టుకోండి, గులాబీ. దాని గురించి విడిగా రాస్తా.

హ్యూస్టన్_డీజిల్

గులాబీ వైరు కథ. ఇగ్నిషన్ స్విచ్ నుంచి, స్పార్కుకి వోల్టేజీ పెంచే కాయిల్‌కి పోయే దారిలో గులాబీ రంగు వైరు ఒకటుంటుంది. చూడటానికి మిగతా వైర్లలాగే ఉంటుంది. అది రాగి వైరు కాదు, నిరోధం ఉన్న తీగ, దాదాపు ఒకటిన్నర ఓం. పాయింట్లు (కాయిల్ కరెంటుని తెరిచి మూసే కాంటాక్టులు) మూసుకున్నప్పుడు కాయిల్‌కి పూర్తి 12 వోల్టులు పోకుండా ఆరేడు వోల్టులకి తగ్గిస్తుంది. వైరింగ్ మార్చేవాళ్లు "ఇదీ పాతబడింది" అని దాన్ని కోసేసి మామూలు 14 గేజ్ వైరు వేస్తారు. బండి స్టార్ట్ అవుతుంది, అదివరకటికన్నా హుషారుగా కూడా అవుతుంది. వారం పది రోజులకి పాయింట్లు మాడిపోతాయి, కాయిల్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అప్పుడు కాయిల్ కంపెనీని తిట్టుకుంటూ కూర్చుంటారు.

మరి స్టార్టింగ్ అప్పుడు? సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజీయే పడిపోతుంది కదా, అందుకని బ్యాటరీ పక్కన బిగించిన సోలెనాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్) మీద "ఐ" అనే చిన్న కొన నుంచి కాయిల్‌కి నేరుగా ఒక వైరు పోతుంది. సెల్ఫ్ తిరిగినంతసేపే అందులో కరెంటు. ఆ వైరు మర్చిపోతే, తాళం వదిలెయ్యగానే బండి అందుకుంటుంది గాని సెల్ఫ్ తిరుగుతుండగా అందుకోదు. ఈ లక్షణం కనిపిస్తే ఇంకెక్కడా వెతక్కండి.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకుంటే లెక్క మారుతుంది. వాటిలో చాలావాటికి మాడ్యూల్‌కి పూర్తి 12 వోల్టులు కావాలి. అప్పుడు గులాబీ వైరుకి ముందు నుంచి విడిగా లైను తీసుకోవాలి.

సీను_ఫ్రిస్కో

ఇది నాకు తెలీదు. కిట్‌లో ఈ వైరు ఇస్తారా?

హ్యూస్టన్_డీజిల్

మోడల్‌కి తగ్గ కిట్లలో కొన్నిట్లో ఇస్తారు. ఏ బండికైనా వేసే కిట్లలో సాధారణంగా మామూలు వైరే, నిరోధం మనం పెట్టుకోవాలి. పింగాణీ ముక్కలా ఉండే బ్యాలస్ట్ రెసిస్టర్ దొరుకుతుంది, దాన్ని ఇనుప రేకు మీద బిగించాలి. బాగా వేడెక్కుతుంది.

పాతఫోర్డ్_ప్లేనో

డాష్ వైరింగ్ బయటికి తీశాను, భోజనాల బల్ల మీద పరిచాను. మా ఆవిడ ఏమీ అనలేదు, అంటే కోపంగా ఉందని అర్థం. గులాబీ వైరు భద్రంగా ఉంది, మీటరులో 1.4 ఓం చూపించింది.

నిర్ణయం ఏంటంటే, హ్యూస్టన్ గారు చెప్పిన మూడు ముక్కల పద్ధతే. డాష్‌ది పాతది శుభ్రం చేసి, ముందూ వెనకా కొత్తది. సీనూ, ఏమీ అనుకోవద్దు.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. కొనలకి టంకం వెయ్యాలా, క్రింప్ చెయ్యాలా? ఏ వైరు ఎంత లావు?

ఆటోనగర్_అబ్బాయి

టంకమే అన్నా. మా నాన్న చేతి టంకం వేసిన బళ్లు ఇంకా తిరుగుతున్నాయి. క్రింపింగ్ అంటే కటింగ్ ప్లేయర్‌తో నొక్కెయ్యడమేగా, లాగితే ఊడొస్తుంది.

సబ్‌స్టేషన్_తాత

నాయనా, కటింగ్ ప్లేయర్‌తో నొక్కింది క్రింపింగ్ కాదు. రెండు రెక్కలు తెరిచి ఉన్న లగ్గుని (వైరు కొనకి తొడిగే లోహపు ముక్కని) దానికి తగిన టూలుతో నొక్కితే, ఆ రెక్కలు లోపలికి మడుచుకుని పోగుల్ని గట్టిగా బిగించి పడతాయి. గాలి దూరే సందుండదు. బండ్ల కంపెనీలన్నీ చేసేది అదే. టంకం వేస్తే సీసం పోగుల మధ్యలోంచి పైకి పాకి, లగ్గుకి ఒకటి రెండు సెంటీమీటర్ల అవతల దాకా వైరుని కడ్డీలా చేస్తుంది. కదలని చోట ఫరవాలేదు. ఇంజను అదిరే చోట సరిగ్గా ఆ కడ్డీ ఆగిపోయిన దగ్గరే తెగుతుంది.

మీ నాన్నగారి పని గట్టిదే, కాదనను. ఆయన టంకం వేశాక వైరుని దగ్గర్లోనే క్లిప్పుతో బాడీకి కట్టి ఉంటారు, చూడండి. అలా కదలకుండా ఉంటే తెగదు.

ఆటోనగర్_అబ్బాయి

కట్టేవాడు తాతగారూ, నిజమే. జానెడు దూరంలో క్లిప్పు లేకపోతే తిట్టేవాడు కూడా.

హ్యూస్టన్_డీజిల్

వైరు లావు గురించి. ఇక్కడ గేజ్ నంబరు చిన్నదైతే వైరు లావు. మన దగ్గర వాళ్ల కోసం పక్కన చదరపు మిల్లీమీటర్లు కూడా రాస్తున్నా. డాష్ బల్బులకీ, రాత్రి లైట్లకీ 18 గేజ్ (0.8) చాలు. బ్రేకు, ఇండికేటర్ 16 (1.3). హెడ్‌లైట్లకి 14 (2.1), వాటి రిలేలకి బ్యాటరీ నుంచి వచ్చే లైను 12 (3.3). పాత 42 ఆంపియర్ల ఆల్టర్నేటరే ఉంచుకుంటే ఛార్జింగ్ వైరు 10 (5.3) సరిపోతుంది. 130 ఆంపియర్లది పెడితే 4 గేజ్ వైరు, దానికి తగ్గ పెద్ద ఫ్యూజ్ తప్పనిసరి. పాత వైరు మీద పెద్ద ఆల్టర్నేటర్ పెట్టడం మంట పెట్టుకోవడమే.

వైరు రకం కూడా చూడండి. ఇంజను దగ్గర జీఎక్స్ఎల్ రకం వాడండి, 125 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మామూలు పీవీసీ 80 డిగ్రీలే. ఇళ్లలో వేసే వైరు బండిలో వెయ్యకండి. పోగులు తక్కువ, అదురుకి విరుగుతాయి.

ఫ్యూజ్ సైజు వైరుని బట్టి పెట్టాలి, లోడుని బట్టి కాదు. అది కాపాడాల్సింది వైరుని. బల్బు మాడితే కొత్తది కొనుక్కుంటాం, డాష్ వెనక వైరు మాడితే బండే పోతుంది.

పాతఫోర్డ్_ప్లేనో

ఫ్యూజుల మాట వచ్చింది కాబట్టి: నా ఫ్యూజ్ బాక్సులో ఒక గాజు ఫ్యూజుకి సిగరెట్ పెట్టెలో ఉండే వెండి కాగితం చుట్టి పెట్టారు. టెక్సస్‌లో కూడా ఈ విద్య ఉందని ఇప్పుడే తెలిసింది.

కోవెంట్రీ_మారిస్

ఇంగ్లండ్‌లోనూ ఉంది. అమెరికా పాత గాజు ఫ్యూజుల్లో ఎస్ఎఫ్ఈ రకానిది మంచి ఏర్పాటు: ఆంపియర్లు మారితే పొడవు కూడా మారుతుంది. పొట్టి దానికోసం చేసిన క్లిప్పులో పొడుగుది పట్టదు. పెద్ద ఫ్యూజు ఎవరూ తోసెయ్యకూడదని. వెండి కాగితానికి మాత్రం కొలత లేదు.

సబ్‌స్టేషన్_తాత

హెడ్‌లైట్ రిలేల గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు. రిలే మీద నాలుగు నంబర్లుంటాయి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ దాటి వచ్చే లైను. 87 నుంచి లైటుకి. 85 ఎర్త్‌కి. 86కి ఇదివరకు లైటుకి పోయిన పాత వైరు. ఇప్పుడు పాత స్విచ్, డిమ్మరు మోయాల్సింది రిలే చుట్టని లాగేంత కరెంటే, ఆంపియరులో చిన్న వంతు. పెద్ద కరెంటు బ్యాటరీ నుంచి లైటుకి దగ్గరి దారిన పోతుంది. లోబీముకొకటి, హైబీముకొకటి. లైట్ల ఎర్త్ వైరుని కూడా అదే లావులో వేసి ఛాసిస్‌కి, అక్కణ్నుంచి బ్యాటరీకి తెచ్చుకోండి. పాజిటివ్‌కి లావు వైరేసి ఎర్త్‌ని గాలికొదిలేస్తే ఆ 1.1 వోల్టులు అలాగే ఉంటాయి.

పాతఫోర్డ్_ప్లేనో

ముళ్లు రెండూ కలిసి లేచి పడటం గురించి ఎవరైనా?

హ్యూస్టన్_డీజిల్

అది మీటర్ల వెనక ఉండే చిన్న వోల్టేజీ రెగ్యులేటర్ పని. డబ్బాలో ఒక రేకు వేడెక్కుతూ చల్లారుతూ 12 వోల్టుల్ని తెరిచి మూసి, సగటున 5 వోల్టులు ఇస్తుంది. పెట్రోలు, టెంపరేచర్ రెండూ దాని మీదే ఆధారం కాబట్టి కలిసే ఆడతాయి. దానికి ఎర్త్ మీటర్ల బాడీ గుండానే అందుతుంది. మీటర్ల ప్యానెల్ ఊడదీసి బల్ల మీద పెట్టి, ఎర్త్ ఇవ్వకుండా కరెంటిచ్చి పరీక్షిస్తే రేకు తెరుచుకోదు, 12 వోల్టులూ మీటర్లలోకి పోతాయి, ముళ్లు అటు చివరికి కొట్టుకుని కాలిపోతాయి. ముందు ఎర్త్ వైరు కట్టండి, తర్వాతే కరెంటు.

అన్నట్టు మీ ఎర్ర ఛార్జింగ్ లైటు బల్బు తియ్యకండి. తాళం తిప్పగానే ఆల్టర్నేటర్ ఫీల్డుకి మొదటి కరెంటు ఆ లైటు సర్క్యూట్ మీదుగానే పోతుంది. దాని పక్కన సమాంతరంగా ఒక నిరోధం కూడా ఉంటుంది. డాష్ బాగుచేసేటప్పుడు అదేదో పనికిరాని వైరనుకుని కోసిపారెయ్యొద్దు.

ఆటోనగర్_అబ్బాయి

నాకో అనుమానం. ఇండికేటర్, బ్రేకు రెండూ ఒకే తీగ అన్నారు కదా తాతగారు. మరి బ్రేకు తొక్కి ఉండగా ఇండికేటర్ ఎలా కొట్టుకుంటుంది? మన బళ్లలో పసుపు ఇండికేటర్ విడిగా ఉంటుంది, బ్రేకు వైరు నేరుగా వెనక్కి పోతుంది.

హ్యూస్టన్_డీజిల్

మంచి ప్రశ్న. ఇక్కడి పాత బళ్లలో బ్రేకు వైరు నేరుగా వెనక్కి పోదు, ముందు స్టీరింగ్ మీద ఇండికేటర్ స్విచ్‌లోకి వస్తుంది. స్విచ్ మధ్యలో ఉంటే బ్రేకు కరెంటు రెండు వైపులా పోతుంది. ఎడమకి వేస్తే, ఆ స్విచ్చే ఎడమ లైటుని బ్రేకు నుంచి విడదీసి, లైటుని వెలిగించి ఆర్పే ఫ్లాషర్‌కి కలుపుతుంది. కుడిది బ్రేకుతోనే ఉంటుంది. మన పద్ధతిలో బ్రేకు వైరుని నేరుగా వెనక్కి లాగేస్తే, బ్రేకు తొక్కినంతసేపూ ఇండికేటర్ కొట్టుకోవడం కనిపించదు.

నెల్లూరు_జీపు

కోవెంట్రీ సార్, ఛార్జింగ్ వచ్చేసింది! ఎలక్ట్రీషియన్‌కి చూపిస్తే నమ్మలేదు, ఇంకోసారి చెయ్యమన్నాడు. చాలా థ్యాంక్స్.

పాతఫోర్డ్_ప్లేనో

వైరింగ్ లోపలికి ఎక్కించడం అయిపోయింది. ఫైర్‌వాల్ (ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు) రంధ్రంలో వైర్లు కోసుకోకుండా రబ్బరు గ్రామెట్ పెట్టాను. ఇంజనుకీ ఫైర్‌వాల్‌కీ మధ్య ఎర్త్ పట్టీ, క్యాబిన్‌కీ ఛాసిస్‌కీ ఒకటి, వెనక తొట్టికీ ఛాసిస్‌కీ ఒకటి. బోల్టుల కింద రంగు గీకి, పళ్ల వాషర్లు వేసి, పైన గ్రీజు పూశాను. చుట్టడానికి జిగురు లేని టేపే వాడాను. మామూలు నల్ల టేపు ఈ ఎండకి పాకంలా కారుతోంది. మొదటిసారి బ్యాటరీ తగిలించడానికి టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్_అబ్బాయి

టెన్షన్ ఎందుకన్నా, సిరీస్ బల్బు వెయ్యి. పాత లారీలకి కూడా మేం చేసేది ఇదే. బ్యాటరీ నెగటివ్‌కీ నెగటివ్ కేబుల్‌కీ మధ్య 21 వాట్ల బల్బు కట్టు. అన్నీ ఆఫ్‌లో, తలుపు మూసి ఉండగా బల్బు వెలక్కూడదు. పూర్తి వెలుగొస్తే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. కరెంటు రెండు ఆంపియర్లు దాటదు కాబట్టి ఏ వైరూ మాడదు. అప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పో. ఏది తీస్తే బల్బు ఆరుతుందో ఆ లైనులోనే దొంగ ఉన్నాడు. సెల్ఫ్ మాత్రం ఆ బల్బుతో కొట్టకు, తిరగదు.

పాతఫోర్డ్_ప్లేనో

బల్బు మొదట పూర్తిగా వెలిగింది! ఫ్యూజులన్నీ తీసినా ఆరలేదు. ఫ్యూజ్ బాక్సుకి ముందే అన్నమాట. వెతికితే ఛార్జింగ్ వైరు లగ్గు ఆల్టర్నేటర్ వెనక కొంచెం తిరిగి బాడీకి ఆనుకుని ఉంది. లగ్గు సరిచేసి, రబ్బరు టోపీ తొడిగాక బల్బు ఆరిపోయింది. బల్బు లేకుండా నేరుగా తగిలించి ఉంటే ఫ్యూజులా కరిగే ఆ ఫ్యూజబుల్ లింకు వైరు, నా కనుబొమ్మలు రెండూ పోయేవి. తమ్ముడూ, విజయవాడ వచ్చినప్పుడు బిర్యానీ నాది.

కొలతలు: బ్యాటరీ 14.1, హెడ్‌లైటు ప్లగ్గులో 13.7. ఎర్త్ వైపు 0.1. లైట్లు తెల్లగా వెలుగుతున్నాయి, ఎదుటివాళ్లు డిమ్ చెయ్యమని ఫ్లాష్ కొడుతున్నారు, గురి కిందికి దించుకోవాలి. మీటర్ల ముళ్లు ఎవరి పని వారు చేసుకుంటున్నాయి.

2025 జనవరి నుంచి ఇక్కడ మామూలు బళ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కాబట్టి లైట్లు చూసేవాడు ఎవడూ లేడు, మనమే చూసుకోవాలి.

సీను_ఫ్రిస్కో

కంగ్రాట్స్ బ్రదర్. వెనక ఎల్ఈడీ బల్బులు వేస్తే ఇంకా బావుంటుంది కదా?

పాతఫోర్డ్_ప్లేనో

ఒకసారి పెట్టి చూశా. ఇండికేటర్ వెలిగి అలాగే ఉండిపోయింది, కొట్టుకోలేదు.

హ్యూస్టన్_డీజిల్

పాత ఫ్లాషర్ లోపల కరెంటుకి వేడెక్కే రేకే ఉంటుంది. ఎల్ఈడీలు లాగే కరెంటుకి అది వేడెక్కదు. రెండు కాళ్ల ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ దొరుకుతుంది, అదే సాకెట్‌లో పడుతుంది. కొన్నిటికి విడిగా ఎర్త్ వైరు ఉంటుంది, దాన్ని రంగు లేని చోట బిగించండి.